దాణా పెంచితే పాలు పెరిగాయి, వెన్న శాతం పడిపోయింది: గేదె పొట్టలో ఏం జరుగుతోంది?

కళ్యాణదుర్గం_పాడి
మా దొడ్డిలో రెండు ముర్రా గేదెలు పాలిస్తున్నాయి. ఈ ఏడు వేరుశనగ పంట సరిగా రాకపోవడంతో కట్టె (కాయలు కోశాక మిగిలే ఎండు మొక్క, పశువుల మేత) దొరకలేదు. ఉన్న కొద్ది జొన్న సొప్పను పొదుపుగా వేస్తూ, ఆ లోటును దాణాతోనూ, మొక్కజొన్న నూకతోనూ, బియ్యపు జావతోనూ పూడుస్తున్నాను. మొదట్లో పాలు పెరిగాయి. ఆ తర్వాత వెన్న శాతం 7 నుంచి తగ్గుతూ తగ్గుతూ 5 దగ్గరకు వచ్చింది. ధరను వెన్న మీదా, ఇతర ఘనపదార్థాల మీదా కడతారు కాబట్టి లీటర్లు పెరిగినా చేతికి వచ్చే డబ్బు తగ్గింది. పైగా ఒక గేదె పేడ పలచగా వేస్తోంది, అందులో నురగ కనిపిస్తోంది, నూక అరగకుండా అలాగే బయటకు వస్తోంది. ఖరీదైన మేత పెడితే పాలు చిక్కబడాలి కదా? తిన్నది లోపల ఏమవుతోందో తెలిసినవారు వివరంగా చెప్పండి. పాల కేంద్రంలో వెన్న కొలిచే యంత్రంలోనే తేడా ఉందని మా ఊరివాళ్లు అంటున్నారు. ఆ మాటను నమ్మడానికీ లేదు, కొట్టిపారేయడానికీ లేదు.

రాయదుర్గం_కాపరి
యంత్రాన్నే ముందు అనుమానించాలని నా అభిప్రాయం. మేత పెరిగితే వెన్న తగ్గడమనేది నేను ఎక్కడా వినలేదు.

పాల_పరీక్ష
నేను పాల సేకరణలో పనిచేసినవాడిని కాబట్టి యంత్రం గురించి చెబుతాను. తేడా యంత్రంలో ఉంటే అదే పూట, అదే కేంద్రంలో పోసిన అందరి శాతాలూ ఒకే వైపు కదులుతాయి. మీ పక్కింటివారి చీటీలు నాలుగు తీసుకుని మీ చీటీలతో పోల్చండి. ఇంకొక సంగతి కూడా చూసుకోవాలి. పితికేటప్పుడు మొదట వచ్చే పాలలో వెన్న తక్కువగా, చివరి ధారల్లో బాగా ఎక్కువగా ఉంటుంది. చివరి పాలను దూడకు వదిలేసి ముందు పాలను కేంద్రానికి పోస్తే శాతం తగ్గుతుంది. ఈ రెండూ సరిగా ఉన్నాయంటే కారణం మేతలోనే ఉన్నట్టు.

కళ్యాణదుర్గం_పాడి
చీటీలు చూశాను. పక్కవాళ్ల శాతాలు మారలేదు. దూడకు వదిలే పద్ధతి కూడా మునుపటిదే.

పశువైద్యుడు_ప్రొద్దుటూరు
అయితే యంత్రాన్ని పక్కన పెట్టవచ్చు. పేడలో నురగ, అరగని నూక అన్న రెండు మాటలు చదివినప్పుడే నా దృష్టి పెద్దపొట్ట మీదకు వెళ్లింది. కొంచెం పొడుగైనా మొదటి నుంచి చెబుతాను.

గేదె పొట్టలో నాలుగు గదులు ఉంటాయి. వాటిలో మొదటిదైన రూమెన్‌నే మనం పెద్దపొట్ట అంటాం. ఎదిగిన పశువులో అది 100 లీటర్లకు పైగా పట్టేటంత పెద్దది, ఎడమ డొక్క అంతా దానిదే. అందులో జీర్ణరసాలేవీ ఊరవు. గడ్డిలోని పీచును విడగొట్టే ఎంజైమును గేదె శరీరం ఎక్కడా తయారు చేయలేదు. ఆ పని చేసేవి పెద్దపొట్టలో గాలి తగలకుండా, సుమారు 39 డిగ్రీల వేడిలో బతికే బ్యాక్టీరియా, ప్రోటోజోవా, శిలీంధ్రాలు. దోసెపిండి పులిసినట్టు మేత అక్కడ పులుస్తుంది. ఆ పులియడంలో ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు పుట్టి, పెద్దపొట్ట గోడ నిండా ఉండే సన్నని మొలకల ద్వారా అక్కడికక్కడే రక్తంలో కలుస్తాయి. పశువుకు కావలసిన శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ ఆమ్లాల నుంచే వస్తుంది. మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి పేగు నుంచి రక్తంలోకి వెళ్తుంది; నెమరువేసే పశువులో అలా వెళ్లేది చాలా కొద్ది. దానికి కావలసిన గ్లూకోజును కాలేయమే ప్రధానంగా ప్రొపియోనిక్ ఆమ్లం నుంచి తయారు చేసుకుంటుంది.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. పాలలోని వెన్నకు ముఖ్యమైన ముడిసరుకు ఎసిటిక్ ఆమ్లం, దానితోపాటు బ్యుటిరిక్ ఆమ్లం నుంచి వచ్చే పదార్థం. పీచు పులిసినప్పుడు ఎసిటిక్ ఆమ్లం ఎక్కువగా వస్తుంది, పిండిపదార్థం పులిసినప్పుడు ప్రొపియోనిక్ వాటా పెరుగుతుంది. మీరు సొప్ప తగ్గించి, నూకా జావా పెంచారు. ప్రొపియోనిక్ పెరిగి గ్లూకోజు సమకూరడం వల్ల పాల లీటర్లు పెరిగాయి, పీచు తగ్గడం వల్ల వెన్న తగ్గింది. దీనికి తోడు పెద్దపొట్టలో పులుపు పెరిగినప్పుడు మేతలోని నూనెలు మరో దారిలో మారి, పొదుగులో వెన్న తయారీని అడ్డుకునే కొవ్వు ఆమ్లాలు కొన్ని పుడతాయి. నూనె తీయని తవుడు ఎక్కువగా పెట్టే ఇళ్లలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

పులుపు ఎందుకు పెరుగుతుందంటే, దానికి విరుగుడు లాలాజలంలో ఉంది. పెద్ద పశువు రోజుకు 100 లీటర్లకు మించి లాలాజలం మింగుతుంది, అందులో మనం వంటసోడా అనే బైకార్బొనేటు ఉంటుంది. సొప్ప నములుతున్నప్పుడు, నెమరు వేస్తున్నప్పుడు ఆ లాలాజలం బాగా ఊరుతుంది. జావ తాగడానికి నమలవలసిన అవసరమే లేదు కదా. పులిసే మేత పెరిగి, పులుపును విరిచే లాలాజలం తగ్గితే పీచును అరిగించే బ్యాక్టీరియా ముందుగా దెబ్బతింటుంది. పేడలో మీకు కనిపిస్తున్న నురగ ఆ మార్పుకు గుర్తే.

మీ గేదెలు రోజుకు ఎన్ని లీటర్లు ఇస్తున్నాయో, దాణా ఎన్ని కిలోలు పెడుతున్నారో రాయండి.

కళ్యాణదుర్గం_పాడి
పాలు పెరిగాయనే ఆశతో తవుడు కూడా వేస్తున్నాను. ఒక్కో గేదె 8 లీటర్ల దాకా ఇస్తోంది. దాణా, నూక, తవుడు అన్నీ కలిపి 9 కిలోలు, అదీ రెండు పూటలే. జావ వేరుగా. సొప్ప 4 కిలోలకు మించడం లేదు.

జమ్మలమడుగు_అక్క
వైద్యుడి గారి వివరణ బాగుంది, కానీ జావను ఇంతగా తప్పుపట్టడం నాకు ఒప్పుగా లేదు. మా అత్తగారి కాలం నుంచి మా ఇంట్లో ప్రతి గేదెకూ కుడితి పెడుతున్నాం. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు అన్నీ అందులోకే పోతాయి. వెన్నకు ఏనాడూ లోటు రాలేదు, ఆ నేతిని ప్రొద్దుటూరు దాకా తీసుకువెళ్లి అమ్మేవాళ్లం.

పశువైద్యుడు_ప్రొద్దుటూరు
అక్కగారు చెప్పిన అనుభవం నిజమే, అందులో ఒక తేడాను గమనించమని కోరుతున్నాను. మీ అత్తగారి గేదె పగలంతా బీళ్లలో, చెరువు గట్టు మీద మేసి, రాత్రి సొప్ప నమిలేది. ఆ పీచు మీద కుడితి ఒక బక్కెట్టు మాత్రమే. ఆ కొద్దిపాటి పిండిపదార్థం పెద్దపొట్టలోని జీవులకు మేలే చేస్తుంది. ఇప్పుడు మేపు లేదు, సొప్ప సగమైంది, దాని చోటులోకి జావ వచ్చింది.

మామూలుగా పశువు ఒడలి పోషణకు 1 కిలో దాణా, ఆపైన గేదె అయితే ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో చొప్పున లెక్క వేస్తాం. 8 లీటర్లకు 5 కిలోలు సరిపోతాయి. సుమారు 500 కిలోల బరువున్న గేదెకు తేమ తీసివేసి లెక్కిస్తే రోజుకు 12 నుంచి 15 కిలోల మేత కావాలి. అందులో సగానికి పైగా సొప్ప, కట్టె, గడ్డి ఉంటే పెద్దపొట్ట నిలకడగా ఉంటుంది. కాబట్టి దాణాను మెల్లగా, వారం పది రోజుల్లో 5 కిలోలకు దించండి. ఒకేసారి ఆపేయకండి. దానిని మూడు నాలుగు పూటలుగా విడగొట్టి, ప్రతిసారీ ముందు సొప్ప వేసి, ఆ తర్వాతనే దాణా పెట్టండి. నూనె తీయని తవుడును తగ్గించండి. వెన్న మళ్లీ ఎక్కడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు, ఎందుకంటే పెద్దపొట్టలోని జీవుల జనాభా మారడానికి ఆ మాత్రం సమయం కావాలి.

సొప్పను అంగుళం, రెండంగుళాల ముక్కలుగా కోయండి. యంత్రంలో పిండిలా ఆడించకండి. పిండి అయిన పీచు నెమరుకు రాకుండా ముందుకు జారిపోతుంది.

పెన్నాతీరం
గేదె బాగా అరిగించుకుంటోందో లేదో పరీక్షలు లేకుండా తెలుసుకునే గుర్తు ఏదైనా ఉందా?

పశువైద్యుడు_ప్రొద్దుటూరు
పడుకున్న మందను చూడండి. విశ్రాంతిగా ఉన్న పశువుల్లో సగానికి పైగా నెమరు వేస్తూ ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న పశువు రోజు మొత్తంలో 6 నుంచి 8 గంటలు నెమరుకే కేటాయిస్తుంది. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి పట్టుకుంటే రెండు నిమిషాల్లో రెండు మూడు సార్లు లోపలి కదలిక చేతికి తగలాలి. పేడ మరీ జారుగా, మరీ గట్టిగా కాకుండా పొరలుగా కుదురుకోవాలి.

పత్తికొండ_జీవాలు
గేదెల విషయం చదువుతుంటే మా గొర్రెల విషయం చెప్పాలనిపించింది. జొన్నలు రాశి పోసిన కళ్లంలోకి రాత్రి మంద దూరింది. తెల్లవారేసరికి పొట్టలు ఉబ్బి, పళ్లు కొరుకుతూ, కాళ్లు తడబడుతూ నిలబడ్డాయి. కొన్ని నీళ్ల కోసం తొట్టి దగ్గరే పడిపోయాయి. గింజ బలమైన తిండే కదా, ప్రాణం ఎందుకు తీయాలో అప్పట్లో మాకు ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు.

పశువైద్యుడు_ప్రొద్దుటూరు
గేదెలో మెల్లగా జరుగుతున్నది మీ గొర్రెల్లో ఒక్క రాత్రిలో జరిగింది. గింజలు ఒక్కసారిగా పడితే పిండిపదార్థాన్ని వేగంగా పులియబెట్టే బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేస్తుంది. అది మామూలు ఆమ్లాల కంటే చాలా ఘాటైనది, పెద్దపొట్ట గోడ దానిని అంత వేగంగా రక్తంలోకి తీసుకోలేదు. పులుపును చూపే పీహెచ్ కొలత (అది తగ్గితే పులుపు పెరిగినట్టు) మామూలుగా 6 నుంచి 7 మధ్య ఉంటుంది, అది 5 కంటే కిందికి పడిపోతుంది, మంచి జీవులన్నీ చనిపోతాయి. లోపల చిక్కబడిన ఆ ద్రవం శరీరంలోని నీటిని పొట్టలోకి లాగేస్తుంది. అందుకే పొట్టలో నీళ్లు కదులుతున్నా గొర్రె దాహంతో తొట్టి దగ్గర పడిపోతుంది. గింజ తిన్నదని తెలిసిన వెంటనే మిగిలిన గింజను అందకుండా చేసి, ఎండుగడ్డి వేసి, 1962 నంబరుకు ఫోను చేయండి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి సంచార పశు వైద్య వాహనాలు ఆ నంబరు మీద వస్తున్నాయి. వంటసోడా నీళ్లు తాగించడం ప్రథమ చికిత్సే అయినా, ఎంత తాగించాలో ఫోనులోనే అడిగి తెలుసుకోండి. సొమ్మసిల్లిన గొర్రె నోట్లో బలవంతంగా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రాయదుర్గం_కాపరి
తొలకరి తర్వాత పచ్చిక లేవగానే, మందలో బాగా బలిసిన పిల్లలే రాత్రికి రాత్రి చనిపోవడం కూడా ఇదేనా? మా వైపు దాన్ని చిటుకు రోగం అంటాం.

పశువైద్యుడు_ప్రొద్దుటూరు
మేత మార్పుతో మొదలయ్యేదే, కానీ జరిగే చోటు వేరు. చిటుకు రోగానికి కారణమైన క్లాస్ట్రీడియం పర్ఫ్రింజెన్స్ డి రకం బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగులో కూడా కొద్దిగా ఉంటుంది. వేసవి అంతా ఎండు కట్టె మీద బతికిన గొర్రె ఒక్కసారిగా లేత పచ్చికను కడుపునిండా మేసినప్పుడు పూర్తిగా పులియని పిండిపదార్థాలు, చక్కెరలు చిన్నపేగు దాకా వెళ్తాయి. అక్కడ ఆ బ్యాక్టీరియా పెరిగిపోయి ఎప్సిలాన్ అనే విషాన్ని విడుదల చేస్తుంది. ఎక్కువ తినగలిగినది బలమైన పిల్ల కాబట్టి ముందు పోయేదీ అదే. వానలకు ముందే టీకా వేయించాలి. టీకా వేయించినా, మొదటి వారం మందను పచ్చికలోకి వదిలే ముందు ఇంత ఎండుమేత వేసి, పచ్చికలో ఉంచే సమయాన్ని రోజురోజుకూ పెంచుతూ పోవాలి.

రాయదుర్గం_కాపరి
మా పెద్దలు తొలకరి పచ్చికలోకి ఎండెక్కిన తర్వాతే తోలమనేవారు. దానికి వెనుక ఇంత ఉందని ఇప్పుడు తెలిసింది. మేత విషయంలో నేను మొదట రాసిన అభిప్రాయాన్ని మార్చుకుంటున్నాను.

ఆదోని_పత్తి
వానలు వెనుకబట్టి వాడిన జొన్న పైరు విషయం కూడా ఇక్కడే రాయండి. అది చాలా పశువులను తీసుకుపోయింది.

జొన్నసొప్ప
నాము, అంటే లేత జొన్న తిన్న పశువుకు ఎక్కే విషం గురించి అడుగుతున్నారు. మోకాలి ఎత్తులో ఎండదెబ్బ తిని ఆగిపోయిన పైరు, కోసిన తర్వాత మోడు నుంచి వచ్చే పిలకలు అన్నిటికంటే ప్రమాదకరం. మా నాన్నగారు కంకి వేయని జొన్నలోకి పశువును అడుగు పెట్టనిచ్చేవారు కాదు.

పశువైద్యుడు_ప్రొద్దుటూరు
లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. ఆకు నలిగినప్పుడు, పెద్దపొట్టలోని జీవులు దానిని విడగొట్టినప్పుడు హైడ్రోసయానిక్ ఆమ్లం విడుదలవుతుంది. నెమరువేసే పశువుల్లో ఇది మరీ వేగంగా జరగడానికి కారణం అక్కడి జీవులే, అంటే గడ్డిని అన్నంగా మార్చే ఆ సైన్యమే ఈ ఒక్క విషయంలో ప్రమాదం తెచ్చిపెడుతుంది. ఆ విషం కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా ఆపేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణానికి పనికిరాదు. అందుకే రక్తం ఎర్రగా మెరుస్తూ ఉండగానే పశువు ఊపిరాడక పడిపోతుంది. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్లు సమయానికి అందితే బతుకుతుంది, అందుకు మిగిలే సమయం చాలా తక్కువ. పూత దశ దాటిన పైరును మేపడం, కోసి బాగా ఆరబెట్టి వేయడం క్షేమం.

సూక్ష్మజీవి_చదువరి
పెద్దపొట్టలోని జీవుల గురించి వైద్యులు చెప్పినదానికి నేను చదువుతున్న పాఠం నుంచి కొంత కలుపుతాను. ప్రోటోజోవాను 1843లో గ్రూబీ, డెలాఫోండ్ అనే ఇద్దరు ఫ్రాన్సులో గమనించారు. శిలీంధ్రాల విషయం మాత్రం 1975 దాకా తేలలేదు. అప్పటివరకు గాలి లేకుండా శిలీంధ్రం బతకదని అందరూ అనుకునేవారు. ఇంగ్లండులో ఆర్పిన్ అనే శాస్త్రవేత్త, ప్రోటోజోవా అనుకున్న కదిలే కణాలు నిజానికి శిలీంధ్రాల బీజాలని చూపించారు. ఇవి గట్టి కాండంలోకి వేళ్లు దించి పీచును లోపలి నుంచి చీలుస్తాయి, ఆ చీలికల్లోకి బ్యాక్టీరియా ప్రవేశిస్తుంది. సొప్ప, వరిగడ్డి మీద ఆధారపడే మన పశువులకు వీటి సాయం చాలా ముఖ్యమని నా నమ్మకం.

మేతకు పెంచే సుబాబుల్ చెట్టు కథ కూడా చెప్పాలి. ఆ ఆకులోని మిమోసిన్ అనే విషం వల్ల ఆస్ట్రేలియాలో పశువులకు వెంట్రుకలు రాలి, గొంతు గ్రంథి వాచేది. హవాయిలో మాత్రం మేకలు అదే ఆకును తిని బాగానే ఉండేవి. రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త హవాయి మేకల పెద్దపొట్టలో ఆ విషాన్ని విడగొట్టే బ్యాక్టీరియా ఉందని గుర్తించారు, దానిని 1980ల్లో ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించాక అవి కూడా సుబాబుల్‌ను తట్టుకున్నాయి. ఆ బ్యాక్టీరియా పేరులో ఇప్పటికీ ఆయన పేరు ఉంది. ఏ మేత అరుగుతుందో నిర్ణయించేది పశువు ఒక్కటే కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

పత్తికొండ_జీవాలు
మా మేకలు ఎండాకాలంలో నల్లతుమ్మ కాయలు, సర్కారు తుమ్మ కాయలు ఏరుకు తింటాయి. గొర్రెలు వాటితో సమానంగా తినలేవు. దీనికి కూడా పొట్టలోని జీవులేనా కారణం?

సూక్ష్మజీవి_చదువరి
కొంత జీవులు, కొంత లాలాజలం. తుమ్మలో టానిన్ అనే వగరు పదార్థం మాంసకృత్తులను పట్టుకుని అరగనివ్వదు. మేక లాలాజలంలోని కొన్ని మాంసకృత్తులు ఆ టానిన్‌ను ముందే పట్టేసుకుంటాయి. టానిన్ కొద్దిగా ఉంటే మేలు కూడా ఉంది. మేతలోని మాంసకృత్తులు పెద్దపొట్టలో వృథాగా అమోనియా అయిపోకుండా కాపాడి, చిన్నపేగు దాకా పంపిస్తుంది. సర్కారు తుమ్మ గింజ గట్టిది కాబట్టి చాలావరకు అరగకుండా పెంటికలో బయటపడి ఎక్కడికక్కడ మొలుస్తుంది, మన బీళ్లలో అది ఇంతగా వ్యాపించడానికి ఒక కారణం అదే. వీలైతే కాయలను దంచి, ఇతర మేతతో కలిపి కొంచెంగానే వేయండి. అదొక్కటే కడుపునిండా తింటే కీడు చేస్తుంది.

పెన్నాతీరం
మాంసకృత్తుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. వేరుశనగ చెక్కలోని మాంసకృత్తులు నేరుగా పాలలోకి వెళ్తాయా?

పశువైద్యుడు_ప్రొద్దుటూరు
చాలావరకు నేరుగా వెళ్లవు. పెద్దపొట్టలోని బ్యాక్టీరియా చెక్కలోని మాంసకృత్తుల్లో ఎక్కువ భాగాన్ని అమోనియా దాకా విడగొట్టి, ఆ నత్రజనితో తమ శరీరాలను కట్టుకుంటుంది. తర్వాత ఆ బ్యాక్టీరియా మేతతో పాటు నాలుగో గదికి వెళ్తుంది. మన జీర్ణాశయం లాగా ఆమ్లం ఊరేది అక్కడే. అక్కడ చనిపోయి, సుమారు 40 మీటర్ల పొడవుండే చిన్నపేగులో అరిగి, అమైనో ఆమ్లాలుగా రక్తంలోకి చేరుతుంది. మనం బ్యాక్టీరియాను మేపుతున్నాం, పశువు ఆ బ్యాక్టీరియాను తింటోంది. బి విటమిన్లు కూడా అవే తయారు చేసి ఇస్తాయి. బి12కు మాత్రం మేతలో కోబాల్టు ఉండాలి.

చెక్క విషయంలో ఒక హెచ్చరిక. నిల్వలో చెమ్మ తగిలి బూజుపట్టిన వేరుశనగ చెక్కలో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీసి, రూపం మార్చుకుని పాలలోకి కూడా వస్తుంది. ఎండబెట్టినా, ఉడికించినా పోదు. అలాంటి చెక్క ఎంత చౌకగా వచ్చినా కొనవద్దు.

జమ్మలమడుగు_అక్క
మా పెయ్యదూడ గోడ నాకుతోంది, పాత చెప్పులు, గుడ్డలు నములుతోంది. అది కూడా అరుగుదల లోపమేనా?

పశువైద్యుడు_ప్రొద్దుటూరు
తరచుగా భాస్వరం, ఉప్పు వంటి ఖనిజాల కొరత వల్ల, కడుపులో పురుగుల వల్ల అలా చేస్తుంది. వానలు తక్కువైన నేలల్లో పండిన ఎండుమేతలో భాస్వరం తక్కువ. వరిగడ్డి మీదే బతికే పశువుకు ఇంకొక సమస్య ఉంది. ఆ గడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టుకుని పేగుకు అందనివ్వవు. బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ ఏ ప్రాంతపు మేతలో ఏ ఖనిజం కొరవడుతోందో పరిశీలించి, దానికి తగిన లవణ మిశ్రమాలను రూపొందించింది. మీ రైతు సేవా కేంద్రంలో ఖనిజ లవణ మిశ్రమం అడిగి తెచ్చి రోజూ పెట్టండి, పురుగుల మందు కూడా వేయించండి. ప్లాస్టిక్ కవర్లు, ఇనుప తీగలు అందకుండా చూడండి. తీగ ముక్క రెండో గదిలో ఆగి, పక్కనే ఉన్న గుండె దాకా గుచ్చుకుపోతుంది. పెద్దపొట్టలో చేరిన ప్లాస్టిక్‌ను ఏ జీవీ అరిగించలేదు.

గుత్తికోట_కోళ్లు
ఈ సూత్రాలన్నీ కోళ్లకు వర్తిస్తాయా? నా నాటుకోళ్లకు సొప్ప పొడి కలిపి మేత ఖర్చు తగ్గించమని ఒకరు సలహా ఇచ్చారు.

సూక్ష్మజీవి_చదువరి
వర్తించవు. కోడికి పెద్దపొట్ట లేదు. గింజ మెడ కింది సంచిలో నాని, కందనకాయలో చిన్న రాళ్ల సాయంతో నలిగి, పేగులో ఎంజైములతో అరుగుతుంది. చివర ఉండే రెండు గుడ్డిపేగుల్లో కొద్దిగా పులిసినా పీచు నుంచి దానికి దక్కేది స్వల్పం. సొప్ప పొడి పెడితే పొట్ట నిండుతుంది, గుడ్డు తగ్గుతుంది. గాడిద, గుర్రం అయితే పీచును పులియబెట్టగలవు, కానీ అది చిన్నపేగు దాటిన తర్వాత జరుగుతుంది. అక్కడ పెరిగిన బ్యాక్టీరియా మాంసకృత్తులు వాటికి దక్కకుండా చాలావరకు లద్దెలో పోతాయి.

కేసీ_కాలువ
మళ్లీ గేదెల దగ్గరకు వస్తాను. అందరూ సొప్ప పెంచమంటున్నారు, లేని సొప్పను కళ్యాణదుర్గం రైతు ఎక్కడి నుంచి తెస్తారు? నంద్యాల వైపు మా ఆయకట్టులో వరిగడ్డి ఉంది. లారీ బాడుగ పెట్టుకుని తెచ్చుకున్నా దానిలో బలం లేదని మెట్ట రైతులు వెనక్కు తగ్గుతారు. యూరియాతో మాగవేస్తే ఆ గడ్డే పనికివస్తుంది. 100 కిలోల ఎండు వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ సమానంగా చల్లుతూ తొక్కి, ప్లాస్టిక్ పట్టాతో గాలి చొరకుండా కప్పి 21 రోజులు వదిలేయాలి. నేను ప్రతి వేసవిలో ఇలాగే చేస్తున్నాను.

రాయదుర్గం_కాపరి
యూరియా పొలానికి వేసే ఎరువు. దానిని పశువు నోట్లోకి పంపడం నాకు భయంగానే ఉంది. యూరియా మూట చింపుకుని తిన్న ఎద్దు చనిపోవడం మా ఊళ్లో అందరూ చూశారు.

పశువైద్యుడు_ప్రొద్దుటూరు
మీ భయం సరైనదే, కానీ రెండింటికీ తేడా ఉంది. పచ్చి యూరియా తిన్నప్పుడు పెద్దపొట్టలో ఒక్కసారిగా అమోనియా వెల్లువెత్తి రక్తంలోకి పోతుంది, కాలేయం దానిని తట్టుకోలేదు. మాగవేసినప్పుడు ఆ అమోనియా పట్టా కిందనే పుట్టి గడ్డిలోకి ఇంకుతుంది, పీచును గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థపు పట్టును సడలించి పీచును జీవులకు అందేలా చేస్తుంది, మిగిలిన నత్రజని వాటికి మేత అవుతుంది. 3, 4 శాతం ఉండే ముడి మాంసకృత్తులు 7, 8 శాతం దాకా పెరుగుతాయి. కొలతలు తప్పకూడదు. తీసిన గడ్డిని గంటసేపు ఆరబెట్టి, ఘాటు వాసన పోయాకే వేయాలి. కొద్దికొద్దిగా అలవాటు చేయాలి.

కళ్యాణదుర్గం_పాడి
నా లెక్కకు ఇది సరిపోతుంది. జావ ఆపి, ఆ డబ్బుతో వరిగడ్డి తెప్పిస్తాను. మాగేదాకా ఉన్న సొప్పను రెండు గేదెలకూ పంచి, దాణాను మీరు చెప్పిన విధంగా దించుతాను. ఈ మాగిన గడ్డిని నెలల దూడకు కూడా వేయవచ్చా?

పశువైద్యుడు_ప్రొద్దుటూరు
ఆరు నెలలు దాటనిదే వేయకండి. పుట్టిన దూడలో పనిచేసేది నాలుగో గది మాత్రమే. పాలు తాగేటప్పుడు ఒక మడత మూసుకుని గొట్టంలా మారి, పాలను పెద్దపొట్టలో పడకుండా నేరుగా అక్కడికి చేరవేస్తుంది. పెద్దపొట్ట ఎదగడానికి రెండో వారం నుంచి కొద్దిగా దూడ దాణా, లేత ఎండుగడ్డి అందుబాటులో పెట్టాలి. దాణా పులిసినప్పుడు వచ్చే బ్యుటిరిక్ ఆమ్లమే ఆ గోడ మీది మొలకలను పెంచుతుంది. ప్రోటోజోవా అయితే తల్లి నాకడం వల్ల, పెద్ద పశువుల లాలాజలం తగలడం వల్లనే దూడకు చేరుతుంది, కాబట్టి దూడను పూర్తిగా వేరుగా కట్టేయకండి. ఈసారి ఈనినప్పుడు జున్నుపాలను మొదటి గంటల్లోనే తాగించండి. రోగనిరోధక పదార్థాలను చెక్కుచెదరకుండా పీల్చుకునే శక్తి దూడ పేగుకు మొదటి రోజు దాటితే ఉండదు.

గుత్తికోట_కోళ్లు
మా ఇంటి దగ్గర గడ్డి మాగవేసిన రోజున యూరియా నీళ్ల డ్రమ్ము దొడ్డిలోనే ఉండిపోయింది, దాహంతో వచ్చిన మేక అందులో మూతి పెట్టింది. అలాంటిది జరగకుండా ముందే ఏం చూసుకోవాలి?

కేసీ_కాలువ
పశువులను వేరే చోట కట్టేసిన తర్వాతనే యూరియా కలపాలి. ఎంత గడ్డికి ఎంత నీరో ముందే లెక్క చూసుకుని అంతే కలపండి. డ్రమ్ములో మిగిలితే ఆఖరి పొర మీదనే చల్లి, డ్రమ్మును కడిగి బోర్లించండి. కడిగిన నీళ్లను తొట్టి వైపు కాకుండా పొలంలోకి పోనివ్వండి. ఖాళీ యూరియా సంచిని కూడా దొడ్డిలో వదలకండి, ఉప్పగా ఉంటుందని పశువులు దాన్ని నాకుతాయి.